పనిని నడపు విద్య: సంఘములకును, ఉద్యోగార్థులకును

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. దున్నుట, నాటుట, కోయుట ఏటేట తిరిగి వచ్చు పనులు. ఒక యేడు తప్పినను మరుసటి యేడు దిద్దుకొనవచ్చును. ఇల్లు కట్టుటయు, పెండ్లి చేయుటయు అట్టివి కావు. అవి జన్మకు ఒకటి రెండు మారులే వచ్చును. వానికి మొదలు కలదు, తుది కలదు. ముహూర్తమను గడువు కలదు. ఇంత సొమ్మునకు మించరాదను హద్దు కలదు. పలువురి చేతులు కలిసిననే గాని అవి సాగవు. ఇట్టి పనికి ఇంగ్లీషువారు ప్రాజెక్టు అని పేరిడిరి. దానిని మొదటి నుండి తుదివరకు చక్కగా నడపు నేర్పునకు ప్రాజెక్టు మేనేజిమెంటు అని పేరు. మనము దీనిని కార్యనిర్వహణ విద్య యందము.

ఈ విద్యతో రైతులకేమి పని యని సభ్యులు కొందరు అడుగవచ్చును. మేము ప్రదర్శన క్షేత్రముల పనిమీద గ్రామములు తిరుగుచు రెండు సంగతులను మరల మరల చూచుచున్నాము. మొదటిది: సంఘమునకు సొమ్ము కలదు, సభ్యులకు మంచి తలంపు కలదు, తీర్మానము పుస్తకమున వ్రాయబడియే యున్నది, అయినను గిడ్డంగి గోడలు కప్పు లేక నిలిచియుండును, ధాన్యము రోడ్డుమీద తడియుచుండును. రెండవది: అదే గ్రామములో పట్టము పుచ్చుకొనిన పిల్లలు నలుగురైదుగురు అరుగుమీద కూర్చుండి సెల్‌ఫోనులలో ఉద్యోగ ప్రకటనలు చదువుచుందురు. ప్రతి ప్రకటనలోను “పని నడపిన అనుభవము వలయును” అని యుండును. ఆ అనుభవము తమకెవరు ఇచ్చెదరని వారి దిగులు. సంఘమునకు పని నడపువారు లేరు. పిల్లలకు నడపుటకు పని లేదు. ఈ రెండు కొరతలును ఒకదానికొకటి మందని మా యభిప్రాయము. అది ఎట్లో ఈ వ్యాసమున విన్నవింపదలచితిమి.

ఈ విద్య యెక్కడిది?

ఇది కేవలము పరదేశపు సరుకు కాదు. గోదావరి ఆనకట్టను తలచుకొనుడు. సర్ ఆర్థర్ కాటన్ దొరగారి యాజమాన్యమున ఆ పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నదికి అడ్డముగా కట్టవలసి యుండెను. నదికి వరద వచ్చు నెలలలో గర్భమున పని సాగదు. నీరు తగ్గియుండు నెలలలోనే చేయవలెను. అందుచే ఏ భాగము ముందు, ఏ భాగము వెనుక, రాయి ఎప్పటికి చేరవలెను, సున్నము ఎప్పటికి కాలవలెను, కూలీలకు కూడు ఎట్లు అందవలెను అనునవన్నియు వరదకు ముందే తేల్చుకొనవలసి వచ్చెను. రాతిని చేరువనున్న ధవళేశ్వరపు కొండనుండియే కొట్టి తెచ్చిరి. వేలకొలది కూలీలను కూడగట్టి నడపుటలో మన వాడైన వీణెం వీరన్నగారు దొరగారికి కుడిభుజమై నిలిచిరి. నేడు గోదావరి మండలములలో మనము తినుచున్న అన్నము, పనిని వరుసలో పెట్టి నడపిన ఆ నేర్పు పెట్టిన అన్నమే.

నేర్పు పాతదే యైనను, దానిని కాగితముపై గీతలుగా గీసి ఎల్లరకును నేర్పదగిన విద్యగా చేసినవారు తరువాత వచ్చిరి. పోలండు దేశీయుడగు కారొల్ ఆదమియెట్‌స్కి 1896లో పనుల వరుసను చూపు పటమును రచించెను. అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ (1861–1919) పేర నేటికిని వాడుకలోనున్న గీతల పటము ప్రసిద్ధి కెక్కెను. అడ్డముగా తేదీలు, నిలువుగా పనుల పేర్లు. ఒక్కొక్క పనికి అది పట్టు దినములంత పొడవున ఒక గీత. ఇంతకన్న అందులో మర్మమేమియు లేదు. 1957లో డూపాంట్ అను రసాయన పరిశ్రమవారు ఒక అడుగు ముందుకు వేసి, అనేక పనులలో ఏ వరుస ఆలస్యమైన మొత్తమంతయు ఆలస్యమగునో లెక్కకట్టు పద్ధతిని కనుగొనిరి. దీనిని కీలక మార్గమందురు. 1958లో అమెరికా నౌకాదళమువారు తమ పొలారిస్ క్షిపణి పనికై ఇట్టి పద్ధతినే మరియొక తీరున రూపొందించిరి.

1969లో ఈ వృత్తివారికి ప్రాజెక్టు మేనేజిమెంటు ఇన్‌స్టిట్యూటు అను సంస్థ అమెరికాలో ఏర్పడెను. 1984 మొదలు అది పరీక్షలు పెట్టి పట్టములు ఇచ్చుచున్నది. లాభాపేక్ష లేని సంఘములకు డబ్బిచ్చువారును, తమ సొమ్ము ఏ మేలునకు దారితీయునో ఒక్క పట్టీలో చూపుడని అడుగు పద్ధతిని 1969 ప్రాంతమున అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థకై సిద్ధపరచిరి. నేడు సేవాసంఘముల వారికొరకే ప్రత్యేకముగా వ్రాసిన కార్యనిర్వహణ గ్రంథము ఉచితముగా లభించుచున్నది. కర్మాగారములలోను, నౌకాదళములోను పెరిగిన విద్య ధర్మసంస్థల వాకిటికి వచ్చినది. మన సంఘముల వాకిటికి రావలసియున్నది.

రైతునకు ఇది క్రొత్త కాదు

“అదనెరిగి సేద్యము, పదునెరిగి పైరు” అనుకొను రైతునకు ఈ విద్యలో సగము పుట్టుకతోనే వచ్చును. జూలై 20వ తేదీకి వరినాటు వేయదలచితిరనుకొందము. నారు 25 దినములది కావలెను; కనుక జూన్ 25కు ముందే నారుమడి పోయవలెను. ఎకరమునకు 5 సెంట్ల నారుమడి లెక్కన స్థలము సిద్ధము కావలెను. పచ్చిరొట్టకు జీలుగ వేయదలచిన, అది 45 దినములు పెరిగి, కలియదున్నిన పిదప ఒక వారము మురుగవలెను. కనుక మే నెలాఖరున, రోహిణిలో పడిన జల్లునకే గింజ చల్లవలెను. జీలుగ గింజ మే నెలాఖరునకు ఇంటనుండవలెనన్న, సంఘము ఏప్రిలులోనే దానికై వ్రాసి యుండవలెను. చూచితిరా? నాటు జూలైలో, దాని మొదటి పని ఏప్రిలులో. గడువునుండి వెనుకకు లెక్కించుటయే ఈ విద్యకు ప్రాణము. రైతు కార్తెలతో చేయుచున్నది ఇదియే. కాని తన పొలములో తాను చేయు ఈ లెక్కను, పదిమంది కూడిన సంఘములో చేయుట మరచుచున్నాడు.

ఏల మరచుచున్నాడు? తన పొలములో యజమాని తానొక్కడే. సంఘములో అందరును యజమానులే. “పదిమందిలో పాము చావద”ను సామెత ఇక్కడ నిజమగుచున్నది. రైతు బుద్ధికి లోటు లేదు. లోటంతయు లెక్క కాగితము మీదికి రాకపోవుటలోను, పని ఒక్కొక్కరి పేర బిగించకపోవుటలోను కలదు.

ఒక గిడ్డంగి లెక్క

ఇప్పుడు సంఘపు పని నొకదానిని తీసికొందము. ఒక సంఘము గిడ్డంగి కట్టదలచినదనుకొనుడు. దినముల సంఖ్యలు ఊరూరికి మారును. లెక్క తీరు నేర్చుకొనుటకు ఇక్కడ ఈ విధముగా పెట్టుచున్నాము.

సర్వసభ్య సమావేశము పిలిచి తీర్మానించుటకు 15 దినములు. తీర్మానము పిదప రెండు పనులు ఒక్కసారిగా సాగవచ్చును: స్థలము కొలిపించి దస్తావేజులు సరిచేయుటకు 30 దినములు, ఇంజనీరుచే నమూనా, అంచనా వేయించుటకు 20 దినములు. ఈ రెండును ముగిసిననే అప్పు మంజూరునకు పంపవలెను. దానికి 45 దినములు. అప్పు వచ్చిన పిదప పునాదికి 20, గోడలకు 30 దినములు. ఇనుప దూలములును రేకులును పట్టణమున చేయించి తెచ్చుటకు బయానా ఇచ్చిన నాటినుండి 60 దినములు. కప్పు వేయుటకు 15 దినములు. నేల, తలుపులు, సున్నము మొదలగు వానికి 20 దినములు.

ఇక కూడి చూతము. తీర్మానము 15, స్థలము 30, అప్పు 45. ఇవి 90 దినములు. నమూనా పని 20 దినములదే కనుక స్థలపు పనికన్న 10 దినములు ముందే ముగియును; దానికి 10 దినముల వెసులుబాటు కలదు. అప్పు చేతికి వచ్చిన పిదప పునాదియు గోడలును కలిసి 50 దినములు. ఇనుప సామానులు 60 దినములు. రెండును ఒకనాడే మొదలిడిన, 60 దినములకు కప్పు వేయుటకు సిద్ధము. కప్పు 15, తుదిపనులు 20. మొత్తము 185 దినములు.

సాధారణముగ జరుగుచున్నదేమి? గోడలు లేచిన పిదపగాని ఇనుప సామానుల మాట ఎవరికిని జ్ఞప్తికి రాదు. “గోడలే లేవు, దూలములకు ఇప్పుడేమి తొందర?” అందురు. అప్పుడు 90, 50, 60, 15, 20 కలిసి 235 దినములగును. ఒక్క కబురు పంపుటలో జాగు వలన 50 దినములు పోయినవి. రూ. 20,00,000 అప్పు నూటికి సాలుకు 9 వడ్డీకి తెచ్చి పూర్తిగా చేత పట్టుకొనియున్నచో, ఆ 50 దినముల వడ్డీయే సుమారు రూ. 24,650. ధాన్యము తడిసి ధర తగ్గిన నష్టము వేరు. ఈ నష్టమునకు దొంగ లేడు, ద్రోహి లేడు. వరుస తప్పుటయే కారణము.

గోడల పనివారిని తొందరపెట్టి 30 దినముల పనిని 20 దినములలో ముగించిన నేమగును? ఇనుప సామానులు రాకుండ కప్పు పడదు గదా, ఒక్కదినమైనను కలిసిరాదు. కీలక మార్గము మీదలేని పనిలో తొందర వృథా. దానిమీదనున్న పనిలో జాగు చేటు. ఎక్కడ తొందరపడవలెనో, ఎక్కడ తొందర అక్కరలేదో ఈ లెక్క చెప్పును. సొమ్మును, మనుష్యుల మనస్సులను కాపాడుకొనుటకు ఇంతకు మించిన ఉపాయము లేదు.

మరియొక మాట. ఇదే లెక్కను కార్తెలతో కలిపి చూడుడు. తీర్మానపు పని డిసెంబరు 15న మొదలిడినచో, మార్చి 15కు అప్పు చేతికి వచ్చును. మే 14కు గోడలును ఇనుప సామానులును సిద్ధమగును. మే 29కి కప్పు పడును. మృగశిర కార్తె జూన్ మొదటి పక్షమున గదా! మిగిలిన తుదిపనులు కప్పు క్రింద వానలోనైనను జరుగును. జూన్ 18కి గిడ్డంగి తాళముచెవి కార్యదర్శి చేతికి వచ్చును. ఖరీఫ్ ధాన్యము వచ్చుసరికి సున్నము ఆరి, నేల గట్టిపడి యుండును. ఇదే పనిని మార్చిలో తలపెట్టిన, పునాదులు తొలకరి వానలోనే తేలును. “దప్పిక వేసినప్పుడు బావి త్రవ్వుట” యన్న నిదియే.

ఐదు కట్టుబాట్లు

లెక్క కుదిరినంత మాత్రమున పని కుదరదు. దానికి ఐదు కట్టుబాట్లు వలయును.

మొదటిది, పనికి గట్టు వేయుట. గిడ్డంగి మొదలిడిన పిదప ఒకరు వరండా కోరుదురు, ఒకరు ఎరువుల కొట్టుగది కోరుదురు, ఒకరు పై అంతస్తు కోరుదురు. ఒక్కొక్కటియు మంచి కోరికయే. కాని గట్టులేని మడిలో నీరు నిలువదు. క్రొత్త కోరిక వచ్చినపుడు, దానికి ఎన్ని దినములు, ఎన్ని రూపాయలు అదనమో వ్రాసి సమావేశమున చదువవలెను. అంగీకరించిన చేయవలెను, లేనిచో మరుసటి పనికి ఉంచవలెను.

రెండవది, ఒక్కొక్క పనికి ఒక్కొక్క పేరు. “అందరు అందలమెక్కిన మోయువారెవరు?” స్థలపు పని ఉపసంఘము చూచునని వ్రాసిన ఎవరును చూడరు. ఫలానివారు, ఫలాని తేదీలోపల అని వ్రాసిననే చూతురు. వారికి పది మంది తోడు ఉండవచ్చును. జవాబు చెప్పువారు మాత్రము ఒక్కరే.

మూడవది, సొమ్ము తేదీలు. మొత్తమింతయని తెలిసిన చాలదు. ఏ మాసమున ఎంత కావలెనో తెలియవలెను. బయానా దినమున సొమ్ము లేనిచో 60 దినముల గడియారము కదలదు. అప్పంతయు ముందే తెచ్చి పెట్టెలో పెట్టిన వడ్డీ తినివేయును. కావలసినపుడు కావలసినంత తెచ్చుకొను వాయిదాలను అప్పిచ్చువారితో ముందే మాటలాడుకొనవలెను.

నాలుగవది, ఆటంకముల పట్టీ. వాన ముందు రావచ్చును, మేస్త్రీ జ్వరపడవచ్చును, కోతల కాలమున కూలీలు దొరకకపోవచ్చును, ఇనుము ధర పెరుగవచ్చును. ఒక్కొక్కదానికి ఎదురుగా “అట్లయిన ఏమి చేసెదము” అని ఒక పంక్తి వ్రాయవలెను. దుశ్శకునము పలుకుట యని దీనిని కొందరు భావింతురు. గొడ్డలి పట్టి కాల్వగట్టు కాచు రైతు గండి పడవలెనని కోరుచున్నాడా?

ఐదవది, వారమునకొక్కమారు చూచుట. పటము గోడకు తగిలించి, ముగిసిన దానికి గీత నింపి, వెనుకబడిన దానిని గుర్తించి, అరగంటలో లేవవలెను. ఆ అరగంటలో నిందలాటకు తావీయరాదు. “ఎవరు చెడగొట్టిరి” అని గాక “ఇప్పుడేమి కావలెను” అని అడుగవలెను. వెనుకబడిన సంగతిని దాచినవారికన్న ముందుగా చెప్పినవారినే మెచ్చుకొనవలెను. లేనిచో అందరును దాచుట నేర్తురు.

ఆరు సాయంకాలముల పాఠము

ఈ విద్యను నేర్పుటకు మేడలు, యంత్రములు అక్కరలేదు. సంఘపు వసారా, ముగ్గుపిండి, చింతగింజలు, కొన్ని అట్టముక్కలు చాలును. మేము సూచించు క్రమమిది.

మొదటి సాయంకాలమున పెండ్లిని పాఠముగా తీసికొనవలెను. అందరికిని తెలిసిన పని గదా! ముహూర్తము నిర్ణయమైనది, ఏయే పనులున్నవో ఒక్కొక్కరు ఒక్కొక్క అట్టమీద వ్రాయుదురు. చదువు రానివారు బొమ్మ గీయవచ్చును. రెండవ సాయంకాలమున ఆ అట్టలను నేలమీద పరచి ఏది దేని తరువాతనో వరుసగా పేర్చవలెను. మూడవ సాయంకాలమున ముగ్గుతో తేదీల గళ్లు వేసి, దినమునకొక చింతగింజ చొప్పున ఒక్కొక్క పనికి వరుస పెట్టవలెను. అన్నిటికన్న పొడవైన దారి ఏదో కన్నులకే కనబడును. నాలుగవనాడు మనుష్యులను, సొమ్మును పంచవలెను. ఐదవనాడు ఆటంకముల పట్టీ. ఆరవనాడు పెండ్లిని ప్రక్కనబెట్టి, సంఘము నిజముగా చేయదలచిన పనికి అదే తీరున పటము వేయవలెను. ఆ పటమే మరునాటి నుండి గోడమీద ఉండవలెను.

ఈ పాఠములకు పొదుపు సంఘముల స్త్రీలను తప్పక పిలువవలెను. వాయిదాల లెక్క, పుస్తకముల శుద్ధి, వారము వారము కూడు అలవాటు వారికి మనకన్న మిక్కిలి కలదు. నేటి హనుమకొండ జిల్లాలోని ముల్కనూరున 1956లో స్థాపింపబడిన సహకార సంఘము పేరు మనలో వినని వారుండరు. అదే గ్రామమున 2002లో స్త్రీల పాల సహకార సంఘము తమ స్వంత డెయిరీని నడపనారంభించినది. పాలు దినము దినము చెడిపోవు సరుకు. వరుస తప్పిన గంటలలో నష్టము. దానిని నడపుచున్న స్త్రీలకు కార్యనిర్వహణ రాదని ఎవరనగలరు?

1997 చట్టము క్రింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘములకును ఈ పాఠము మిక్కిలి యుపయోగము. కాల్వ కట్టివేసిన కొద్ది దినములలోనే పూడిక తీయవలెను. నీరు వదలు తేదీ మనకొరకు ఆగదు. గ్రంథాలయ సంఘము, పాఠశాల కమిటీ, వరద సహాయ సంఘము మొదలగునవన్నియు ఇట్టివే.

ఉద్యోగార్థులకు

ఇక యువకులారా, యువతులారా, మీ మాట. మీకు అనుభవము లేదని మీరే మొదట నమ్ముచున్నారు. ఊరి జాతరకు చందాలు వసూలుచేసి లెక్క అప్పగించినవారు మీలో లేరా? అక్క పెండ్లికి వంటవారిని, వాహనములను కుదిర్చినవారు లేరా? తుఫానునాడు పాఠశాలలో రెండువందల మందికి అన్నము వండించినవారు లేరా? అదియే కార్యనిర్వహణము. దానిని చెప్పు తీరు మీకు తెలియదు, అంతియే.

ఉద్యోగము అడుగబోవునపుడు “నేను కష్టపడువాడను” అని వ్రాయకుడు. అందరును అదే వ్రాయుదురు. ఐదు సంగతులు వ్రాయుడు: నాకు అప్పగించిన పని ఏది; ఎంతమందితో చేసితిని; ఎంత సొమ్ములో చేసితిని; ఎన్నాళ్లు గడువు, ఎన్నాళ్లకు ముగించితిని; నడుమ వచ్చిన ఆటంకమేది, దానికేమి చేసితిని. ఈ ఐదు పంక్తులు, దానితోపాటు మీరు వేసిన పటపు నకలు, కార్యదర్శి సంతకముతో ఒక ధ్రువపత్రము ఉన్నచో, మీ మాటకు బరువు వచ్చును.

కావున సంఘముల పెద్దలకు మా విన్నపమిది. మీ తరువాతి పనికి గ్రామములోని ఒక యువకునో యువతినో పనుల లేఖరిగా నియమించుకొనుడు. పని సాగినన్నాళ్లు తగిన గౌరవవేతన మిండు, ఊరక చేయించుకొనకుడు. పటము నింపుట, వారపు కూటమునకు కబురు పంపుట, బయానా తేదీలు జ్ఞాపకము చేయుట, బిల్లులు దాచుట వారి పని. నిర్ణయములు పాలకవర్గమువి; జ్ఞాపకము లేఖరిది. గిడ్డంగి 50 దినములు ముందు ముగిసిన, పైన చూపిన వడ్డీ మిగులులోనుండియే ఆ వేతనమునకు మంచి భాగము వచ్చును. పని ముగిసిననాడు ఆ పిల్ల చేతిలో అనుభవముండును, సంఘము చేతిలో గిడ్డంగి యుండును.

ఇంకను చదువదలచిన వారికి దారులు కలవు. ప్రాజెక్టు మేనేజిమెంటు ఇన్‌స్టిట్యూటువారి మొదటి మెట్టు పరీక్షకు, ఉన్నత పాఠశాల చదువు ముగించి 23 గంటల శిక్షణ పొందినవారు కూర్చుండవచ్చును. పై మెట్టునకు కొన్ని యేండ్ల అనుభవము కావలెను. 1982లో ఉజిరెలో మొదలైన శిక్షణాలయపు మాదిరిని అనుసరించి బ్యాంకులు జిల్లాలలో నడపుచున్న గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉచితముగ భోజన వసతులతో పని నేర్పుచున్నవి. ముందు ఉచితముగా దొరకు విద్యను నేర్చి, పిదప పరీక్ష రుసుము మాట తలపెట్టుట మేలు. “ఇన్నివేలు కట్టుడు, పట్టముతోపాటు ఉద్యోగమును ఇచ్చెదము” అనువారి గుమ్మము త్రొక్కకుడు. పట్టము తలుపు తట్టుటకు పనికివచ్చును. లోపల కూర్చుండబెట్టునది మాత్రము చేసిన పని.

కొన్ని హెచ్చరికలు

ఈ విద్య సర్వరోగ నివారిణి కాదు. పటము వానను ఆపలేదు. బజారు ధరను నిలుపలేదు. కోశాధికారి చేయి శుభ్రముగా లేనిచోట ఎంత చక్కని పటమును గోడకు బొమ్మయే. కంప్యూటరులో వేసిన పటము నేలమీద ముగ్గుకన్న నిజమైనదేమియు కాదు. అందరును చూచి అర్థము చేసికొనగలిగినదే మంచి పటము. ఇంజనీరుకొక్కనికే తెలిసిన పటము సంఘమునకు చెందినది కాదు. పటము వేసి మడిచి బీరువాలో పెట్టుటకన్న అసలు వేయకపోవుటయే మేలు. ఏలయన, పని జరుగుచున్నదను భ్రమయైన కలుగదు.

ఇంకొకటి. మొదటిసారియే పెద్దపనితో మొదలిడవలదు. విత్తనముల ఇండెంటు, ఎరువుల దిగుమతి, సర్వసభ్య సమావేశము వంటి నెలదినముల పనితో చేయి తిప్పుకొనుడు. కొత్త ఎద్దును మొదటిదినమే లోతు దుక్కికి కట్టరు గదా!

సహకారోద్యమమునకు మూలపురుషులగు రాచ్‌డేల్ నేతగాండ్రు 1844లో తమ అంగడి తెరచిన కొన్ని యేండ్లకు లాభములో నూటికి రెండున్నర వంతు సభ్యుల విద్యకై తీసిపెట్టిరి. నేటికిని ప్రపంచ సహకార సంఘములు అంగీకరించిన ఏడు సూత్రములలో ఐదవది విద్యయు శిక్షణమే. మన సంఘముల లెక్కలలోను విద్యానిధి పేర ఒక పద్దు ఉండును. అది చాల చోట్ల బోర్డులకును, పూలదండలకును ఖర్చగుచున్నది. ఈ సాలు దానిలో కొంత తీసి ఆరు సాయంకాలముల పాఠమునకును, ఒక పనుల లేఖరి వేతనమునకును కేటాయించుడు.

రాబోవు సర్వసభ్య సమావేశపు కార్యక్రమములో ఈ అంశమును చేర్పుమని కార్యదర్శులను కోరుచున్నాము. ఆ దినమున చేయదలచిన పని పేరు, అది ముగియవలసిన తేదీ, లేఖరిగా నిలువదలచిన వారి పేరు. ఈ మూడింటిని నల్లబల్లపై వ్రాసిననే గాని సభ చాలింపకుందురుగాక.